సరిచూస్తే సరిపోతోంది, జవాబు మాత్రం తప్పు. ఎక్కడ పోతోంది?

మారతహళ్లి నాన్న:
మా వాడు ఇక్కడ బెంగళూరులో పదో తరగతి, సీబీఎస్ఈ. రెండు తెలియని రాశుల సమీకరణాల దగ్గర రోజూ గొడవే. నేను చదివింది తెలుగు మీడియం, వాడు ఎలిమినేషన్ అంటుంటే అది మన తొలగించే పద్ధతేనని అర్థం కావడానికి నాకు కాస్త టైం పట్టింది. నిన్నటి లెక్క ఇది:
4ఎక్స్ − 3వై = 11
4ఎక్స్ + 5వై = 35
పైదాంట్లోంచి కిందది తీసేసి 2వై = −24 అని రాశాడు, వై −12 వచ్చింది, దాన్ని మొదటి సమీకరణంలో వేసి ఎక్స్ −6.25 అన్నాడు. పుస్తకంలో జవాబు 5, 3. "సరిచూశాను నాన్నా, 11 కరెక్ట్‌గా వచ్చింది" అని వాదిస్తున్నాడు. నిజంగానే వస్తోంది! ఎలా చెప్పాలి వీడికి?

ట్యూషన్ అక్క:
మొదటి సమీకరణంలోంచే ఎక్స్ తీశాడు కదండీ, మళ్లీ అందులోనే వేస్తే 11 రాక ఏమవుతుంది? వై స్థానంలో ఏ అంకె పెట్టినా అది సరిపోతుంది. వాడకుండా మిగిలిపోయిన రెండోదాంట్లో వేయించండి: −25 − 60, అంటే −85. రావాల్సింది 35. అక్కడ వాడికే కనిపిస్తుంది.
ఇక అసలు తప్పు, −3వై లోంచి +5వై తీస్తే −8వై కావాలి, వాడు కలిపేశాడు. కుడివైపు 11 లోంచి 35 మాత్రం సరిగ్గానే తీశాడు, చూశారా? నా దగ్గరికొచ్చే పిల్లల్లో సగం మంది ఇక్కడే పడతారు. అందుకే నేను అసలు తీసివేత చేయించను. కింది సమీకరణాన్ని −1తో గుణించి కొత్త లైన్‌లో మళ్లీ రాయమంటాను: −4ఎక్స్ − 5వై = −35. ఆ తర్వాత కూడికే. −8వై = −24, వై 3. ఒక లైన్ ఎక్కువ రాస్తే మార్కులేం పోవు.

జయనగర్ బాబాయ్:
అక్క చెప్పింది చేయించండి, కానీ ఒక సమీకరణంలోంచి ఇంకోటి ఎందుకు తీయొచ్చో కూడా వాడికి తెలియాలి. మా పాపకి దర్శినిలో, అంటే ఇక్కడి నిలబడి తినే టిఫిన్ హోటల్లో, చెప్పాను. ఒకరు రెండు ప్లేట్ల ఇడ్లీ, ఒక కాఫీ తీసుకున్నారు, బిల్లు 100. పక్కవాళ్లవీ రెండు ప్లేట్ల ఇడ్లీలే, కాఫీలు మాత్రం మూడు, బిల్లు 140. కాఫీ ఎంత అంటే పెన్ను తీయకుండానే 20 అంది. ఇడ్లీలు రెండు బిల్లుల్లోనూ సమానం కాబట్టి ఎగిరిపోయాయి, తేడా 40 రెండు కాఫీలది. తొలగించడం అంటే అదే.

పాత లెక్కల పిచ్చి:
ఒక మంచి లెక్క ఇస్తాను, వాడి చేత చేయించండి. 9 మాదీఫలాలు, 7 వెలగపండ్లు కలిపి 107. 7 మాదీఫలాలు, 9 వెలగపండ్లు కలిపి 101. ఒక్కోటి ఎంత? ఇది 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో ఇచ్చిన లెక్క, అమోఘవర్షుడి కాలం, అంటే మనం ఉంటున్న ఈ కర్ణాటక నేలను రాష్ట్రకూటులు ఏలినప్పటిది. 11వ శతాబ్దంలో మన పావులూరి మల్లన ఆ గ్రంథాన్నే తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. దీన్ని 9తో, 7తో గుణించి పెద్ద అంకెలు చేయొద్దని చెప్పండి. ముందు రెండూ కూడమనండి, తర్వాత తీసేయమనండి, అంతే.

మారతహళ్లి నాన్న:
అందరికీ థాంక్స్. −85 చూడగానే వాడు మాట్లాడకుండా నోట్స్ లాక్కున్నాడు. వెలగపండ్ల లెక్క రాత్రి భోజనాల దగ్గర ఇచ్చాను. కూడితే 16, 16, 208, కాబట్టి రెండూ కలిపి 13, తీసేస్తే తేడా 3, మాదీఫలం 8, వెలగపండు 5 అన్నాడు. నేను అడక్కముందే 72 + 35, 56 + 45 అని రెండింట్లోనూ వేసి చూపించాడు.