సమస్య: "ఎద్దు చెప్పెఁ దత్త్వ మెల్ల వినఁగ"

నిర్వాహకుడు: రాత్రి ఛాందోగ్యోపనిషత్తు 4వ అధ్యాయం తిరగేస్తుంటే తట్టింది. గురువుగారి ఆవుల్ని మేపే సత్యకాముడికి ఎద్దు చెప్పింది బ్రహ్మతత్త్వంలో ఒక పాదమే, అంటే నాలుగో వంతే. నేనిచ్చేదీ పద్యంలో ఒక పాదమే. మిగతా మూడూ మీవి.

తాటాకు:

గోత్ర మెఱుగ ననుచుఁ గుండబద్దలుగాను
నిజము చెప్పినట్టి నిసుఁగు కొఱకు
మంద వేయి యగుడు మందలో ముందుండి
ఎద్దు చెప్పెఁ దత్త్వ మెల్ల వినఁగ

గురువు గౌతముడు గోత్రం అడిగితే, "మా అమ్మకే తెలీదట, నేను జబాల కొడుకుని" అన్నాడు కుర్ర సత్యకాముడు. పొమ్మనలేదు గురువు, సమిధలు పట్టుకురమ్మన్నాడు. కొత్తవాణ్ణి చేర్చుకోవడం అంటే అదీ!

మంజీర: "నిసుఁగు" అంటే పసికందు కదండీ. గురువు అప్పగించిన 400 బక్క ఆవుల్ని తోలుకెళ్తూ, అవి వెయ్యి అయితేగాని రానన్నవాడు పసికందా? ఉగాది సమస్యలో నలమహారాజుని "బుడుత" అన్నదీ తమరే, యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడీ అక్షరం) కోసం. ఇదీ నా పూరణ:

ఊఁచుఁ దలను గాని యొక్కటి తెలియదు
గంగిరెద్దు తీరు గాదె మనది
సత్యకాముఁ జేరి సందె వేళను నాఁడు
ఎద్దు చెప్పెఁ దత్త్వ మెల్ల వినఁగ

తాటాకు: నడక బాగుంది, ఒప్పుకుంటా. కానీ సందె వేళ పలికింది ఎద్దు కాదు, అగ్ని. ఎద్దు చెప్పిన మర్నాడు మంద కదిలింది, సాయంత్రం నిప్పు రాజేశాక అగ్ని చెప్పింది. ఆ పైన హంస, తర్వాత మద్గువనే నీటిపక్షి. యతి కోసం ఎవరేం చేశారో అందరూ చూశారు.

తొలకరి: నమస్కారం. ఇదే నా మొదటి పూరణ. కాస్త టెన్షన్‌గానే పెడుతున్నా.

నాల్గు వంద లావు లప్పగించిన యొజ్జ
మాట చెప్పకుండ మౌని యయ్యె
ఎవరు చెప్పిరనఁగ నేమని చెప్పుదు
ఎద్దు చెప్పెఁ దత్త్వ మెల్ల వినఁగ

తాటాకు: మొదటి పాదంలో యతి పోయిందమ్మా. "ఆవులు + అప్పగించిన" కదా, "నా"కు "అ" ఎలా చెల్లుతుంది? "నాల్గు వంద లావు నమ్మి యిచ్చిన యొజ్జ" అను. ఇంతకీ ఛందస్సు ఎవరి దగ్గర నేర్చుకున్నావు?

మంజీర: భేషైన సవరణ! "ఆవు నమ్మి" అంటే ఆవును అమ్మి అని కూడా కదా. గురువుగారు ఆవును బేరం పెట్టేశారు. పైగా పిల్ల వచ్చీరాగానే గోత్రం అడగడం ఒకటి.

నిర్వాహకుడు: నేను మాత్రం తొలకరిగారి మూడో పాదం దగ్గరే ఆగిపోయాను. "బ్రహ్మం తెలిసినవాడిలా వెలుగుతున్నావు, ఎవరు చెప్పారు?" అని గౌతముడు అడిగితే, "మనుషులు కారు" అంటాడు సత్యకాముడు. ఎద్దు అని నోరు తెరిచి చెప్పడు. ఆ తటపటాయింపు "ఏమని చెప్పుదు"లో పట్టుకున్నారు. యతిదేముంది, దిద్దుకోవచ్చు.

పెన్నఒడ్డు: అన్నీ సరే, ఎద్దు చెప్పింది పావు వంతైతే "తత్త్వ మెల్ల" ఎక్కణ్ణుంచి వచ్చింది?

నిర్వాహకుడు: యతి నుంచే. క్షమించాలి.

మంజీర: ఇంత ఆదరణ పొందిన సత్యకాముడే గురువయ్యాక ఏం చేశాడో చూశారా? ఉపకోసలుడి చేత 12 ఏళ్ళు అగ్నులకు సేవ చేయించుకుని, తోటివాళ్ళందర్నీ చదువు ముగించి పంపేసి, ఇతనికి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. భార్య చెప్పినా వినకుండా ఊరెళ్ళిపోయాడు. కుర్రాడు బెంగతో అన్నం మానేస్తే అగ్నులే జాలిపడి చెప్పాయి. వచ్చే వారం దీని మీద ఇవ్వండి, తాటాకుగారు బాగా రాస్తారు.

తాటాకు: రాస్తాను. ముందు ఆ "బుడుత" సంగతి తేల్చాలి, నిఘంటువు తీశాను.

తొలకరి: "నాల్గు వంద పసుల నాఁడె యిచ్చిన యొజ్జ" అంటే కుదురుతుందాండీ? అమ్మకం గొడవ లేకుండా.

తాటాకు: కుదిరింది.