రిమోట్ డెస్క్‌టాప్‌లో ఎన్‌విడిఎ ఏమీ చదవడం లేదు, దారి చెప్పండి

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో మా ఆఫీసులో బిల్లింగ్ టీమ్‌లోకి కొత్తగా చేరిన చూపులేని సహోద్యోగికి నేను మెంటర్‌ని. తను ఎన్‌విడిఎ అనే స్క్రీన్ రీడర్ (స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడతాడు, ఎక్సెల్, మెయిల్ పనుల్లో నాకంటే స్పీడు. చిక్కంతా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌తోనే. అది మా సిస్టమ్‌లో ఉండదు, రిమోట్ డెస్క్‌టాప్‌లో సర్వర్ మీద తెరుచుకుంటుంది. ఆ విండోలోకి వెళ్లగానే ఎన్‌విడిఎ విండో పేరు చెప్పి ఆగిపోతుంది, లోపలున్నదంతా దానికి ఒట్టి బొమ్మే కదా.

మూడు వారాలుగా చేసి చూసినవి: ఎన్‌విడిఎ కొత్త వెర్షన్ వేశాం. ఎన్‌విడిఎ కీ, ఆర్ నొక్కి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టి చదివేది) వాడితే అక్షరాలు వస్తున్నాయి కానీ అంకెలు తప్పు చదువుతోంది, బిల్లుల్లో అది కుదరదు, పైగా స్క్రీన్ మారిన ప్రతిసారీ మళ్లీ నొక్కాలి. జాస్ అనే ఇంకో స్క్రీన్ రీడర్ ట్రయల్ కూడా పెట్టాం, అక్కడా ఇదే పరిస్థితి, 40 నిమిషాలకోసారి రీస్టార్ట్ వేరే. సర్వర్ మీదే ఎన్‌విడిఎ పెడితే పని అవుతుందని తెలుసు, సెక్యూరిటీ కారణం చెప్పి ఐటీ వాళ్లు రెండుసార్లు కాదన్నారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గురించి హెచ్‌ఆర్‌తో మాట్లాడితే చూస్తామన్నారు, అంతే.

వచ్చే నెల 10న తన ప్రొబేషన్ రివ్యూ. పని రాక కాదు, స్క్రీన్ వినపడక తను వెనకబడటం నాకు చాలా బాధగా ఉంది.

మీ ఆఫీసుల్లో ఎవరైనా సర్వర్ మీద స్క్రీన్ రీడర్‌కి ఐటీ వాళ్లను ఒప్పించి ఉంటే, ఏ సెటప్ చూపిస్తే ఒప్పుకున్నారు?