స్పెక్ట్రమ్ వ్యూయర్‌లో జూమ్ అవుట్ చేస్తే సన్న సిగ్నల్స్ మాయమైపోతున్నాయి, కలిసి సరిచేద్దామా?

తరంగం_88:
అందరికీ నమస్తే. నేను ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ డాంగిల్‌తో (యూఎస్‌బీకి పెట్టే చిన్న రేడియో రిసీవర్) వాడే ఓపెన్ సోర్స్ స్పెక్ట్రమ్ వ్యూయర్‌లో (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సిగ్నల్ ఉందో గీసి చూపించే ప్రోగ్రామ్) ఒక ఇబ్బంది ఉంది. శాంపిల్ రేట్ (సెకనుకి తీసే కొలతలు) 2.4 మెగా పెట్టి ఎఫ్‌ఎఫ్‌టీ (సిగ్నల్‌ని ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టే లెక్క) సైజు 65536కి పెంచితే ఒక్కో బిన్ (ఒక్కో ఫ్రీక్వెన్సీ ముక్క) 37 హెర్ట్జ్ కూడా ఉండదు, అంటే ఎంత సన్న క్యారియర్ సిగ్నల్ అయినా గీత గీసినట్టు కనపడాలి కదా. కానీ స్క్రీన్ వెడల్పు 1920 పిక్సెల్స్, మొత్తం బ్యాండ్ చూస్తుంటే ఆ గీత ఒకోసారి ఉంటుంది ఒకోసారి ఉండదు, విండో అంచు పట్టుకుని కాస్త లాగితే మళ్లీ ప్రత్యక్షం. కోడ్ చూశా, పిక్సెల్‌కి 34 బిన్‌లు వస్తుంటే ఒక్కటి తీసుకుని మిగతావి వదిలేస్తోంది. పైగా వాటర్‌ఫాల్ (సిగ్నల్స్ వరుస తర్వాత వరుసగా కిందికి జారే రంగుల బొమ్మ) నత్తనడక. నాకు సీ ప్లస్ ప్లస్ బాగానే వచ్చు, డీఎస్‌పీ (సిగ్నల్స్ మీద చేసే లెక్కలు) అంతంత మాత్రం. ఎవరైనా చెయ్యి కలుపుతారా, ముందు దేని మీద కూర్చోవాలి?

బిన్_వేటగాడు:
ముందు ఆ పిక్సెల్ సంగతే తేల్చండి, మిగతావన్నీ తర్వాత. ఉన్న సిగ్నల్‌ని లేదని చూపించే బొమ్మ ఎంత వేగంగా కదిలితే ఏం లాభం. ఒక పిక్సెల్‌లో పడే బిన్‌లన్నిట్లో పెద్దది తీసుకుంటే గీత ఎప్పుడూ పోదు, కాకపోతే నాయిస్ ఫ్లోర్ (సిగ్నల్ లేని చోట కూడా ఉండే నాయిస్ మట్టం) పైకి లేస్తుంది, యావరేజింగ్ లేకుండా 34 బిన్‌లలో మ్యాక్స్ తీస్తే అసలు సగటు కంటే 5, 6 డీబీ (డెసిబెల్స్) ఎక్కువ కనపడుతుంది. అందుకే ల్యాబ్‌లో వాడే స్పెక్ట్రమ్ అనలైజర్లలో పీక్, యావరేజ్ అని డిటెక్టర్లు (బిన్‌ల నుంచి ఒక విలువ తీసే పద్ధతులు) విడివిడిగా ఇస్తారు, మనమూ అలాగే ఇద్దాం. యావరేజ్ రాసేటప్పుడు మాత్రం డీబీ విలువల్ని కూడి భాగించకండి, పవర్‌ని సగటు చేసి ఆ తర్వాత లాగ్ తియ్యాలి, లేకపోతే నాయిస్ 2.5 డీబీ తక్కువ చూపిస్తుంది, ట్రేస్ (స్క్రీన్ మీద గీసే గ్రాఫ్) నున్నగా అందంగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాదు.

రంగుల_వాటర్‌ఫాల్:
వాటర్‌ఫాల్ భాగం నాకు వదిలేయండి అన్నా, దాని మీద నాకు చాలా ఇష్టం. ఇలాంటి వాటిలో సాధారణంగా జరిగేదేంటంటే కొత్త వరుస వచ్చిన ప్రతిసారీ బొమ్మ మొత్తాన్ని ఒక పిక్సెల్ కిందికి జరిపి మళ్లీ గీస్తారు, సీపీయూ అంతా అక్కడే పోతుంది. టెక్స్చర్‌ని (గ్రాఫిక్స్ చిప్‌లో ఉండే బొమ్మ) రింగ్ బఫర్‌లా, అంటే చివరికి రాగానే మళ్లీ మొదటి నుంచి రాసేలా వాడి, కొత్త వరుస ఒక్కటే జీపీయూకి (గ్రాఫిక్స్ చిప్) పంపించి, ఎక్కడ మొదలుపెట్టి చూపించాలో షేడర్‌కి (ఆ చిప్‌లో నడిచే చిన్న ప్రోగ్రామ్) ఒక ఆఫ్‌సెట్ ఇస్తే చాలు. రంగులు కూడా షేడర్‌లోనే వేస్తే పాత వరుసలకి కూడా డీబీ రేంజ్ అప్పటికప్పుడు మార్చుకోవచ్చు. ఇంకా జెట్ కలర్‌మ్యాప్ (విలువలకి ఇంద్రధనుస్సు లాంటి రంగులు వేసే పట్టిక) డిఫాల్ట్‌గా ఉంటే తీసేద్దాం, పసుపు దగ్గర లేని అంచులు పుట్టిస్తుంది, బదులు రంగులు సమంగా మారే విరిడిస్ పెడదాం.

గ్రౌండ్_ప్లేన్:
రెండు మాటలు. అన్నీ ఒకే పుల్ రిక్వెస్ట్‌లో (మార్పులు కలపమని పంపే వినతి) కుక్కొద్దు, డిటెక్టర్ ఒకటి, వాటర్‌ఫాల్ ఒకటి, ఇంకా కోడ్ రాయకముందే ఇష్యూ (ప్రాజెక్ట్ పేజీలో చర్చ) తెరిచి ప్రాజెక్ట్ చూసుకునే మెయింటెయినర్ గారిని అడగండి, ఆయన వద్దనుకుంటే శ్రమంతా వృథా. రెండోది లైసెన్స్. ఇలాంటి రేడియో సాఫ్ట్‌వేర్లే అయిన జీక్యూఆర్‌ఎక్స్, గ్నూ రేడియో జీపీఎల్ లైసెన్స్ కింద ఉన్నాయి, మీ ప్రాజెక్ట్ షరతులు తక్కువుండే ఎంఐటీ లైసెన్స్ అయితే అక్కడి కోడ్ కాపీ చేసి పెట్టడం కుదరదు, చదివి అర్థం చేసుకుని సొంతంగా రాయాలి.

డిఫాల్ట్ మాత్రం యావరేజ్ ఉండాలని నా అభిప్రాయం, కొత్తవాళ్లు నాయిస్ ఫ్లోర్ చూసే గెయిన్ (రిసీవర్ సిగ్నల్‌ని ఎంత పెంచాలో) పెట్టుకుంటారు.

బిన్_వేటగాడు:
నేను ఒప్పుకోను, కొత్తవాళ్లకి ముందు సిగ్నల్ కనపడాలి. పీక్, యావరేజ్ రెండు ట్రేస్‌లూ ఒకేసారి గీసి యావరేజ్‌ని లేత రంగులో పెడితే ఈ గొడవే ఉండదు.

తరంగం_88:
రెండు ట్రేస్‌ల ఐడియా చాలా నచ్చింది, అదే రాసి ఇష్యూ తెరుస్తా. డిటెక్టర్ నేను చేస్తా, వాటర్‌ఫాల్ తమ్ముడిది. టెస్ట్‌కి రికార్డింగ్ పెడదామంటే 8 బిట్ ఐక్యూ (ఒక్కో శాంపిల్‌కి రెండు విలువలు) సెకనుకి 4.8 ఎంబీ అవుతోంది, రిపోలో (ప్రాజెక్ట్ కోడ్ ఉండే చోటు) పెట్టేంత చిన్నది కాదు. కోడ్‌తోనే టోన్ పుట్టిస్తే సరిపోతుందా?

బిన్_వేటగాడు:
సరిపోతుంది, అదే మేలు కూడా. నాయిస్‌లో ఒక టోన్ కలిపి దాని ఫ్రీక్వెన్సీని కొంచెం కొంచెం జరుపుతూ, స్క్రీన్ మీది విండో వెడల్పు కూడా మారుస్తూ, ప్రతిసారీ పీక్ ట్రేస్‌లో అది కనపడుతోందా లేదా చూడండి. టోన్ రెండు బిన్‌ల మధ్యలో పడితే హాన్ విండోతో (ఇది స్క్రీన్ విండో కాదు, ఎఫ్‌ఎఫ్‌టీకి ముందు శాంపిల్స్‌ని అంచుల దగ్గర తగ్గించే గుణకం) 1.4 డీబీ దాకా తగ్గుతుంది, టెస్ట్‌లో ఆ మేరకు వెసులుబాటు ఇవ్వండి. మీ బ్రాంచ్ లింక్ పెట్టండి, ఆ టెస్ట్ నేను రాసి పంపిస్తా.