హోండా సిటీ 2010: క్రాంక్ పుల్లీ బోల్టు కదలడం లేదు, సెల్ఫ్ కొట్టి తీయొచ్చా?

కుడిచక్రం అడిగారు:

కారు 2010 హోండా సిటీ 1.5 ఐ-వీటెక్, మాన్యువల్. క్రాంక్ పుల్లీ (ఇంజను ప్రధాన ఇరుసు, అంటే క్రాంక్, కొసన ఉండే చక్రం) వెనక సీల్ దగ్గర ఆయిల్ కారుతోంది, ఛైన్ కవర్ కింది అంచు దాకా తడి. సీల్ ఇంట్లోనే మారుద్దామని కుడి ముందు చక్రం, లోపలి ప్లాస్టిక్ కవరు, బెల్టు తీసేశాను. పుల్లీ మధ్యలో ఉన్న 19 ఎం.ఎం. బోల్టు దగ్గర పని ఆగిపోయింది. అయిదో గేర్లో పెట్టి, ఒకరు బ్రేక్ తొక్కి పట్టుకుంటే, అర అంగుళం రాడ్డుకి పైపు తొడిగి లాగాను. ఇంజను ఊగుతోంది తప్ప బోల్టు కదల్లేదు. దగ్గర్లో షెడ్డు వాళ్లు రాడ్డుని నేలకి ఆనించి సెల్ఫ్ ఒక్కసారి కొడితే వచ్చేస్తుందంటున్నారు. చేయొచ్చా? అసలు ఇది ఎటు తిప్పితే వదులవుతుంది? తిరిగి ఎంత టార్క్ (తిప్పుడు బలం) పెట్టాలి?

పానాపెట్టె జవాబు:

ముందుగా దిశ. మర మామూలుదే. కుడి చక్రం వైపు నుంచి పుల్లీకి ఎదురుగా చూస్తూ అపసవ్యంగా, అంటే గడియారం ముల్లుకి ఎదురు తిప్పితే వదులవుతుంది.

ఇక గేర్లో పెట్టి లాగడం మానేయండి. ఈ ఇంజను ఇచ్చే గరిష్ఠ టార్క్ 146 న్యూటన్ మీటర్లు. క్లచ్ దానికి కొంచెం మిగులు ఉండేలా తయారవుతుంది. పట్టేసిన బోల్టుకి 250, 300 కూడా కావాల్సి రావచ్చు. అప్పుడు బోల్టు కంటే ముందు క్లచ్ జారుతుంది, క్రాంక్ వెనక్కి తిరుగుతుంది. ఛైన్ ఇంజన్లలో వెనక్కి తిప్పితే లాగుడంతా ఛైన్‌ని బిగువుగా ఉంచే టెన్షనర్ మీద పడి, అవతలి వైపు ఛైన్ వదులై పన్ను దాటే ప్రమాదం ఉంది. క్లచ్ జారకపోయినా మౌంట్లు, యాక్సిల్ షాఫ్టులు, క్లచ్ ప్లేట్ స్ప్రింగులు అన్నీ కొంత కొంత సాగి మీ బలాన్ని మింగేస్తాయి. మీరు చూసిన ఊపు అదే.

పట్టుకోవాల్సింది పుల్లీనే. మీ పుల్లీ మధ్యలో 50 ఎం.ఎం. ఆరు పలకల గుంట ఉంటుంది, హోండా దాన్ని ఈ పని కోసమే పెట్టింది. అందులో కూర్చునే హోల్డర్‌కి మధ్యలో రంధ్రం ఉంటుంది, దాంట్లోంచి 19 సాకెట్ బోల్టు మీదికి వెళ్తుంది. ఆటోనగర్ లాంటి చోట టూల్స్ షాపుల్లో "50 ఎం.ఎం. హోండా పుల్లీ హోల్డర్" అని అడగండి. పైపు రెంచితోనో, బెల్టు పట్టీతోనో పుల్లీ అంచుని పట్టుకోవద్దు. బెల్టు గాడులు చెడతాయి.

అమరిక ఇలా: హోల్డర్ పిడి కారు వెనక వైపు ఉండేలా పెట్టి, దాని కింద నేల మీద గట్టి చెక్క దిమ్మ వేయండి. బోల్టు వదులయ్యే దిశలో పుల్లీ తిరగబోతే ఆ పిడి కిందకి దిగి దిమ్మ మీద ఆగుతుంది. సాకెట్‌కి ఎక్స్‌టెన్షన్ తగిలించి రాడ్డుని ఫెండర్ బయటికి తెచ్చాక, ఎక్స్‌టెన్షన్ బయటి కొసని ఇంకో యాక్సిల్ స్టాండ్ మీద ఆనించండి. చాలామంది వదిలేసేది ఇదే. ఆ ఆసరా లేకపోతే లాగిన బలంలో కొంత సాకెట్‌ని పక్కకి వంచడానికే పోతుంది, బోల్టు తల మూలలు గుండ్రమవుతాయి. ఆసరా ఉంటే బలమంతా తిప్పడానికే పనికొస్తుంది.

రాడ్డు పిడిని కారు ముందు వైపు పెట్టి పైకి లాగండి. 300 న్యూటన్ మీటర్లకి 60 సెం.మీ. రాడ్డు మీద 50 కిలోల బలం కావాలి. 1.2 మీటర్ల పైపు తొడిగితే 25 కిలోలు చాలు. కుదుపులు వద్దు, నెమ్మదిగా బరువు పెంచుతూ పోండి. "టక్" మని ఒక్కసారిగా వదులుతుంది, వెనక్కి పడకుండా కాళ్లు ఎడంగా పెట్టి నిలబడండి. ఆరు పలకల ఇంపాక్ట్ సాకెట్టే వాడండి, పన్నెండు పలకలది వద్దు.

కారు జాకీ మీదే ఉంటే పని ఆపి ముందు స్టాండు పెట్టండి. సిమెంటు దిమ్మలు ఎంత గట్టిగా కనిపించినా హఠాత్తుగా పగులుతాయి, వాటి మీద కారు నిలపొద్దు. వెనక చక్రాలకి అడ్డుకట్టలు, బ్యాటరీ నెగటివ్ వైరు తీసి ఉంచడం కూడా చూసుకోండి.

ఛైన్‌కవర్ జవాబు:

సెల్ఫ్ సంగతి నేను చెప్తాను. పుల్లీ వైపు నుంచి చూస్తే మీ ఎల్-సిరీస్ ఇంజను సవ్యంగా తిరుగుతుంది. రాడ్డు ఆగి క్రాంక్ తిరిగితే బోల్టు వదులయ్యే దిశే, కాబట్టి లెక్క ప్రకారం షెడ్డు వాళ్ల మాట పనిచేస్తుంది. కానీ సాకెట్ జారితే రాడ్డు ఎటు ఎగురుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. ఇంజను అంటుకుంటే ఇంకా ఘోరం. పైగా 1998లో మన దేశానికి వచ్చిన మొదటి సిటీలో ఉన్న డి-సిరీస్ ఇంజను అపసవ్యంగా తిరుగుతుంది. దాని మీద ఇదే చిట్కా వేస్తే బోల్టు ఇంకా బిగుస్తుంది. హోల్డర్ దొరికే బండికి ఈ సాహసం అక్కర్లేదు.

హోల్డర్ కంటే ముందు ఇంపాక్ట్ గన్ (దెబ్బలు కొడుతూ బోల్టు తిప్పే మెషీను) ప్రయత్నించాలనుకుంటే ఒక మాట. డబ్బా మీద రాసిన అంకె బోల్టు దాకా చేరదు. పొడుగాటి సన్నటి ఎక్స్‌టెన్షన్ స్ప్రింగులా మెలితిరిగి ప్రతి దెబ్బనీ తినేస్తుంది. పొట్టిగా, లావుగా ఉన్నది వాడండి. క్రాంక్ బోల్టుల కోసమే బరువైన 19 సాకెట్లు ఉంటాయి, ఆ బరువు దెబ్బ బలాన్ని పెంచుతుంది. తీయడానికి మాత్రమే ఇంపాక్ట్. బిగించడానికి వద్దు.

గ్యాస్ మంట జోలికి పోకండి. వెనకే రబ్బరు సీల్, దాని చుట్టూ ఆయిల్.

కుడిచక్రం:

హోల్డర్ తెచ్చి, ఎక్స్‌టెన్షన్ కింద స్టాండు పెట్టి లాగితే బోల్టు వచ్చింది. ఇప్పుడు పుల్లీ కొంచెం ఆడుతోంది కానీ బయటికి రావట్లేదు. స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తొచ్చా? సీల్ కొట్టేటప్పుడు, తిరిగి బిగించేటప్పుడు ఏం చూడాలి?

పానాపెట్టె జవాబు:

స్క్రూడ్రైవర్ వద్దు. ఛైన్ కవర్ అల్యూమినియం, ఆనించిన చోట నొక్కుకుపోతుంది. పుల్లీ బయటి అంచుకి కొక్కేల పుల్లర్ కూడా వేయకండి. మధ్యలో రబ్బరు పొర ఉన్న పుల్లీ అయితే చీలి, తర్వాత అటూ ఇటూ ఊగుతూ తిరుగుతుంది. మీది జారుడు అమరికే. రెండు చేతులతో పట్టుకుని కొద్దిగా అటూ ఇటూ ఆడిస్తూ తిన్నగా మీ వైపు లాగండి. క్రాంక్ కొస చుట్టూ తుప్పు ఉంటే తుప్పు వదిలించే ఆయిల్ రెండు చుక్కలు వేసి పావుగంట ఆగండి. వచ్చేటప్పుడు క్రాంక్ గాడిలో ఉన్న చిన్న చాబీ (పుల్లీని సరైన చోట నిలిపే లోహపు ముక్క) జారి పడకుండా చూసుకోండి.

సీల్ మార్చేముందు ఒక పరీక్ష. ఇంజను లోపల పేరుకునే ఆవిర్లని బయటికి లాగే పీసీవీ వాల్వ్, దాని గొట్టం మూసుకుపోతే ఇంజను లోపల ఒత్తిడి పెరిగి, కొత్త సీల్ కూడా కొన్నాళ్లకే కారుతుంది. పాత సీల్ పెదవి రాసుకున్న నున్నటి మెటల్ మీద గోరు నడపండి. గోరు తట్టుకునేంత గాడి ఉంటే ఆ భాగం మార్చకుండా సీల్ ఒక్కటే వేసి లాభం లేదు.

కొత్త సీల్ పెదవికి ఆయిల్ రాసి, బయటి అంచు మీద మాత్రమే ఆనేంత వెడల్పున్న సాకెట్‌తో, చుట్టూ సమంగా దిగేలా చిన్న దెబ్బలు వేయండి. ఓ వైపు ముందు దిగితే వంకర పడి కారుతుంది. పాతది ఎంత లోతులో ఉందో తీయకముందే కొలిచి రాసుకోండి.

ఛైన్‌కవర్ జవాబు:

బిగింపు దగ్గర జాగ్రత్త, సగం తప్పులు ఇక్కడే. పుల్లీ, క్రాంక్ ఒకదానికొకటి ఆనే ముఖాల మీద ఆయిల్ చుక్క కూడా ఉండకూడదు, బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. ఆయిల్ రాయాల్సింది బోల్టు మరలకి, తల కింద వాషర్ ఆనే ముఖానికి. టార్క్ మోసేది చాబీ కాదు, పుల్లీని నొక్కి పట్టే రాపిడే. నొక్కుడు తగ్గితే ఆ చిన్న చాబీ తెగి, క్రాంక్ గాడి అరిగిపోతుంది. దానికి మందు కొత్త క్రాంకే.

మీ ఇంజనుకి 37 న్యూటన్ మీటర్లు బిగించి, ఆ తర్వాత 90 డిగ్రీలు తిప్పాలి. 37 చూసి తక్కువనుకుని ఆగొద్దు, అసలు బిగింపంతా ఆ పావు చుట్టులోనే ఉంది. పాత సీఆర్-వీ కె24 ఇంజనుకి అదే కంపెనీ 245 అని ఇచ్చింది. ఆ అంకెని ఇక్కడ పెట్టకండి.

కుడిచక్రం:

డిగ్రీలు కొలిచే మీటరు లేదు. 90 ఎలా చూసుకోవాలి?

పానాపెట్టె జవాబు:

బోల్టు తలకి ఆరు పలకలు, ఒక మూల నుంచి పక్క మూలకి 60 డిగ్రీలు. 90 అంటే ఒకటిన్నర పలక. 37 దగ్గర ఆగాక బోల్టు తల ఒక మూల మీద వైట్‌నర్‌తో చుక్క పెట్టండి, అక్కడి నుంచి సవ్యంగా ఒకటిన్నర పలక దూరంలో పుల్లీ మీద ఇంకో చుక్క. రెండూ ఎదురెదురు వచ్చే దాకా లాగండి. ఈసారి హోల్డర్ పిడి కారు ముందు వైపు ఉండాలి, బిగించేటప్పుడు పుల్లీ అటు కిందకి దిగబోతుంది. తర్వాత సాకెట్‌తో ఇంజనుని సవ్యంగా రెండు చుట్లు తిప్పి, ఎక్కడా తగలడం లేదని చూసుకుని బెల్టు వేయండి. ఇంజను పది నిమిషాలు నడిపి ఆపాక సీల్ కింద కాగితం ముక్క అద్ది చూస్తే తడి ఉందో లేదో తెలుస్తుంది.