కొత్తగా చేరిన టీచర్లకు మొదటి ఏడాది ఎట్లా తోడుండాలె?

నల్లరేగడి (ప్రశ్న):
దేవరకొండ దిక్కు మా కాంప్లెక్స్‌లో (చుట్టుపక్కల బడుల గుంపు) ముగ్గురు కొత్త ఎస్జీటీలు (ప్రాథమిక తరగతుల టీచర్లు) ఉన్నారు. ఇద్దరివి తండా బడులు. అందులో ఒక మేడంది ఏకోపాధ్యాయ పాఠశాల, ఐదు తరగతులు కలిపి 23 మంది పిల్లలు. డీఎడ్‌లో (టీచరు శిక్షణ కోర్సు) నేర్పే పాఠ్య పథకం అంతా ఒక తరగతికి ఒక టీచరు అన్న లెక్కన ఉంటది. ఇక్కడ పొద్దుగాల గంట కొట్టినప్పటి నుంచి ఐదు తరగతులు, వంట, యాప్‌లు, తల్లిదండ్రులు అన్నీ ఒక్కరి మీదనే. కాంప్లెక్స్ సమావేశం పెడితే సగం పొద్దు సర్క్యులర్లకే పోతది.

నాకు మూడు సంగతులు కావాలె. మొదటి నెలలో ఆమెతో ఏం చేయించాలె, ఏం పక్కన పెట్టించాలె? క్లాసు చూడబోతే తనిఖీకి వచ్చినట్టు అనిపించకుండా ఎట్లా చూడాలె? రికార్డుల బరువు ఎట్లా తగ్గించాలె? "ధైర్యంగా ఉండు తల్లీ" అని అందరూ చెప్పిన్రు. చేసే పని చెప్పండి.

సుద్దముక్క:
సార్, ముందు ఏకోపాధ్యాయ బడి సంగతి. అక్కడ కొత్తవాళ్లు పడే ఇబ్బంది దాదాపు ఒకటే. ఐదు తరగతుల పుస్తకాలు ముందేసుకుని, తరగతికి పది నిమిషాల చొప్పున తిరుగుతారు. సాయంత్రానికి గొంతు పోతుంది, ఏ తరగతికీ ఏదీ పూర్తిగా అందదు. కాబట్టి మొదటి వారం పాఠమే వద్దనండి. పిల్లలను ఒక్కొక్కరిగా పిలిచి చూడాలి. మనిషికి ఐదారు నిమిషాలు, రోజుకు ఐదుగురు. 23 మంది వారంలో అయిపోతారు.

తెలుగులో చూడవలసినవి: విడి అక్షరాలు, గుణింత గుర్తులు, వత్తులు లేని మాటలు, వత్తులున్న మాటలు, నాలుగు వాక్యాల పేరా. ఇక్కడొక మోసం ఉంది, ఆమెకు ముందే చెప్పండి. "క కా కి కీ" అని గడగడ చదివే పిల్లవాడికి "కి" ఒక్కటే తీసి చూపిస్తే ఆగిపోతాడు. అది చదవడం కాదు, పాట. అందుకే అక్షరాల చీటీలు వరుస తప్పించి చూపించాలి. మ, య, వు పక్కపక్కన పెట్టి అడగాలి. ప, వ, ష కూడా అట్లాగే.

లెక్కల్లో 52లో నుంచి 27 తీసేయమంటే 35 అని రాసే పిల్లలు ప్రతి బడిలో ఉంటారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేస్తారు. ఆ పిల్లవాడికి తీసివేత రాదని కాదు, పదుల కట్ట విప్పడం తెలియదు. పుల్లల కట్టలతో చేయించాలి, తప్పు గుర్తు పెట్టి వదిలితే రేపు మళ్లీ 35 వస్తుంది. "నూట ఐదు" అంటే 1005 రాసే వాళ్లకు కూడా స్థాన విలువ దగ్గరే తిరకాసు.

ఆ తర్వాత పిల్లలను తరగతిని బట్టి కాక, చదివే స్థాయిని బట్టి రెండు గుంపులు చేయాలి. మూడు గుంపులు మొదటి ఏడాదిలో మోయలేరు. తెలుగు పీరియడు 70 నిమిషాలు అనుకోండి. మొదటి 10 నిమిషాలు అందరూ కలిసి: బొమ్మ గురించి మాటలు, పాట, పొడుపు కథ. తర్వాతి 25 నిమిషాలు టీచరు చిన్న గుంపుతో కూర్చుంటే పెద్ద గుంపు రాత పనిలో ఉంటుంది. ఇంకో 25 నిమిషాలు అటూ ఇటూ మారాలి. చివరి 10 నోటుబుక్కులకు.

ఇది ఎక్కడ చెడుతుందంటే, రెండో గుంపుకిచ్చిన రాత పని దగ్గర. "పాఠం చూసి రాయండి" అంటే ఏడు నిమిషాల్లో అల్లరి మొదలవుతుంది. పని ఎట్లా ఉండాలంటే, మధ్యలో టీచరును అడిగే అవసరం రావద్దు, అయిందో లేదో పిల్లలే సరిచూసుకోగలగాలి. మాటల చీటీలు బొమ్మలతో జత చేయడం, చీటీ వెనక జవాబు రాసి ఉన్న లెక్కలు, జంటగా ఒకరు చదివితే ఒకరు రాయడం. అట్టముక్కలు, స్కెచ్ పెన్నులు స్కూల్ గ్రాంటులో కొనొచ్చు. ఆమె ఒక్కతే కూర్చుని తయారు చేయాలంటే నెల పడుతుంది. చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం పెట్టిన తొలిమెట్టు కార్యక్రమం 2022లో మొదలైనప్పటి నుంచి పాత టీచర్ల దగ్గర పెట్టెల నిండా చీటీలున్నాయి. ఒక సెట్టు అడిగి ఇప్పించండి, మీరు చేసే సాయాల్లో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది అదే.

పాలమూరు పంతులు:
క్లాసు చూడడం గురించి. ముందుగా ఏ రోజు వస్తున్నదీ చెప్పి వెళ్లండి. కుర్చీ వద్దు, వెనక పిల్లల పక్కన కూర్చోండి. నోటుబుక్కులో పేజీని నిలువుగా రెండు భాగాలు చేసి ఎడమవైపు సమయం, కుడివైపు ఏం జరిగిందో మాత్రమే రాయండి. "బాగుంది", "బాగాలేదు" అన్న మాట ఆ పేజీలో ఉండకూడదు. పిల్లల ముందు ఒక్క మాట కూడా సరిదిద్దకండి. ఒక్కసారి దిద్దితే ఆ టీచరు మళ్లీ మీ ముందు మామూలుగా పాఠం చెప్పలేరు.

కూర్చున్న చోట్ల పటం ఒకటి గీసి, ఏ బిడ్డ నోరు తెరిచిందో చుక్క పెట్టండి. కొత్త టీచర్ల క్లాసులో చుక్కలన్నీ ముందు వరుసలోనే పడతాయి. "అర్థమైందా?" అంటే "అయిందీ" అని అందరూ ఒక్క గొంతుతో అంటారు, టీచరు ముందుకు పోతారు. ఆ పటం చేతికిస్తే మీరు ఏమీ చెప్పనక్కరలేదు. దానికి మందు కూడా చిన్నదే. ప్రశ్న అడిగి, మనసులో ఐదు లెక్కపెట్టి, అప్పుడు పేరు పిలవాలి. ముందే పేరు పిలిస్తే మిగతావాళ్లు ఆలోచించడం మానేస్తారు.

మాట్లాడేది అదే రోజు, పిల్లలు పోయాక, పావుగంట. ముందు ఆమెనే చెప్పనివ్వండి. మార్చుకోవలసింది ఒక్కటే ఎంచుకోండి, వారం పది రోజులకు మళ్లీ వెళ్లి ఆ ఒక్కటే చూడండి. ఎనిమిది సూచనలు ఇస్తే ఎనిమిదీ పోతాయి. మీరు రాసుకున్న కాగితం ఆమెకే ఇచ్చేయండి, ఎంఈఓ (మండల విద్యాధికారి) ఫైలులోకి పోకూడదు. తనిఖీకి, తోడుకు తేడా ఆ కాగితం ఎవరి దగ్గర ఉంటుందన్న దాంట్లోనే ఉంది.

బెత్తం సంగతి తప్పకుండా తీయండి. విద్యాహక్కు చట్టం, 2009, సెక్షన్ 17 ప్రకారం పిల్లలను కొట్టడం, మానసికంగా హింసించడం నిషేధం. ఇది కొత్తవాళ్లకు తెలుసు. కానీ క్లాసు చేయి దాటినప్పుడు ఏం చేయాలో ఎవరూ చెప్పరు కాబట్టి చేయి లేస్తుంది. అల్లరి ఎక్కువగా పుట్టేది ఖాళీ నిమిషాల్లో: నోటుబుక్కులు పంచేటప్పుడు, నీళ్లకు పోయేటప్పుడు, ఒక పని అయి ఇంకోటి మొదలయ్యే లోపు. మొదటి రెండు వారాలు ఈ మూడింటికి పద్ధతి నేర్పడం మీదే పెట్టమనండి. పుస్తకాలు పంచేది ఎవరు, నీళ్లకు ఎంతమంది, మూడు చప్పట్లు వినిపిస్తే ఏం చేయాలి, ఇవి పాఠంలాగే రోజూ చేయించాలి. అరవడం తగ్గితే గొంతు కూడా నిలుస్తుంది.

దస్త్రం:
రికార్డుల కంటే ముందు ఛార్జి, అంటే బడి బాధ్యత లెక్కతో అప్పగించుకోవడం. పాత టీచరు వెళ్లేటప్పుడు తాళంచెవులిచ్చి పోతే కొత్తవాళ్లు సంతకం పెట్టేస్తారు, ఆడిట్‌లో ఇరుక్కుంటారు. మీరు పక్కన నిలబడి ఛార్జి లిస్టు రాయించండి: అడ్మిషన్ రిజిస్టరులో చివరి నంబరు, టీసీ పుస్తకంలో వాడిన చివరి నంబరు, మిగిలిన ఆకులు, క్యాష్ బుక్ నిల్వ, బ్యాంకు పాస్‌బుక్ నిల్వ, బియ్యం. బియ్యం బస్తాలు లెక్కపెడితే చాలదు, తూకం వేయాలి. కుట్టు విప్పిన బస్తా యాభై కిలోలు ఉండదు.

మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక స్థాయికి మనిషికి 100 గ్రాముల బియ్యం, ప్రాథమికోన్నతకు 150. 23 మంది వస్తే 2 కిలోల 300 గ్రాములు. తేడా ఎక్కడొస్తుందంటే, పొద్దున హాజరు వేసినప్పుడు 19 మంది ఉండి, తిండి వేళకు 21 అవుతారు, లేదా తగ్గుతారు. వంటామెకు పొద్దున సంఖ్య చెప్పి, రిజిస్టరులో తిన్నవాళ్ల సంఖ్య రాయాలి. వారం వారం నిల్వ కూడి చూసుకుంటే తేడా చిన్నగా ఉన్నప్పుడే దొరుకుతుంది.

మిగతా వాటిలో ఆమె రోజూ ముట్టవలసింది హాజరు, భోజనం, పీరియడ్ ప్లాన్, ఇంతే. యూడైస్ (బడి, పిల్లల వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కించేది), ఆధార్ సవరణలు, వలస పిల్లల వివరాల వంటివి మొదటి ఆరు నెలలు సీఆర్పీ (కాంప్లెక్స్ బడులకు సాయంగా ఉండే రిసోర్స్ పర్సన్) పక్కన కూర్చుని నింపాలి. ఒకసారి తన చేతితో చేయించి చూపితే రెండోసారి తనే చేసుకుంటుంది. వాట్సాప్ గ్రూపులో పొద్దున పదింటికి "అర్జంట్, గంటలో పంపండి" అని వచ్చే ప్రొఫార్మాలను మీ దగ్గరే ఆపి సాయంత్రం పంపండి. ఆ గంట పిల్లలది.

ఇంకొకటి, ఆమె సొంత కాగితాలు. సర్వీస్ రిజిస్టర్ తెరవడం, ఎంప్లాయీ ఐడీ, సీపీఎస్‌కు (వాటా కట్టే పెన్షన్ పథకం) ప్రాన్ అనే పెన్షన్ ఖాతా నంబరు. వీటిలో ఒకటి ఆగితే మొదటి జీతం ఆగుతుంది. అద్దె, బస్సు ఖర్చులు అప్పుతో నడుస్తుంటే పాఠం మీద మనసు నిలవదు.

నడిగడ్డ:
పైన చెప్పినవన్నీ సరే, మన జిల్లాల కాలం కూడా చెప్పాలె. గద్వాల దిక్కు విత్తన పత్తి చేనుల్ల ఆగస్టు నుంచి క్రాసింగ్ నడుస్తది. సాయంత్రం మొగ్గలు ఒలుస్తరు, తెల్లారి పువ్వుకు పుప్పొడి అద్దుతరు. ఆ పని పొద్దటి పూటనే కావాలె, అందుకే పిల్లలు బడికి రారు, వచ్చినా మధ్యాహ్నం వస్తరు. కోస్గి, మద్దూరు దిక్కయితే దసరా తర్వాత తల్లిదండ్రులతో పుణె, ముంబై పోతరు. నల్గొండ దిక్కు పత్తి ఏరుడు. హాజరు 23 నుంచి 12కు పడేసరికి కొత్త టీచరు తన పాఠమే బాగలేదనుకుని కుంగిపోతరు. ఆమెకు ఇది జూన్‌లనే చెప్పాలె. ఏ ఇల్లు ఎప్పుడు పోతదో ఊళ్లె అడిగి రాసిపెట్టుకోవాలె. వలస పోయే ఇండ్ల పిల్లల పేర్లు ముందే ఎమ్మార్సీల (మండల విద్యా వనరుల కేంద్రం) ఇస్తే సీజనల్ హాస్టల్ (తల్లిదండ్రులు వలస పోయినప్పుడు పిల్లలు ఉండేది) సంగతి అడగొచ్చు.

దసరా సెలవుల తర్వాత మొదటి వారం కొత్త పాఠం పెట్టొద్దు. వత్తులు మర్చిపోయి వస్తరు, మళ్ల చీటీల కాడికే పోవాలె.

తండా సంగతి. ఒకటో తరగతి బిడ్డకు ఇంట్ల లంబాడీ, బడిల తెలుగు, పుస్తకంల ఒక పక్క తెలుగు ఒక పక్క ఇంగ్లిష్. మూడు భాషలు ఒక్కసారి మీద పడుతయి. బిడ్డ మాట్లాడకపోతే మందబుద్ధి అనుకోవద్దని చెప్పండి. యాడి (అమ్మ), బా (నాయిన), బాటి (రొట్టె), పాణి (నీళ్లు), ఇట్లాంటి ముప్పై నలభై మాటలు పెద్ద పిల్లలనే అడిగి గోడ మీద తెలుగు లిపిల రాయించుకోవాలె. లెక్క మాట, పాఠం మాట ముందు ఆ మాటల్లో, తర్వాత తెలుగుల, చివరకు ఐదారు ఇంగ్లిష్ పదాలు. మక్తల్ సరిహద్దుల కన్నడ ఇండ్ల పిల్లలకు కూడ ఇదే.

నల్లరేగడి:
చాలా పనికొచ్చే మాటలు. ఒక్క అనుమానం. ఆమె వేరే బడిలో పాఠం చూడాలంటే తన బడి మూయాలె కదా?

పాలమూరు పంతులు:
మూయకూడదు. ఇద్దరు టీచర్లున్న పక్క బడి నుంచి ఒకరిని ఆ పూట ఆమె బడికి పంపండి, ఆమె ఆ బడిలో మిగిలిన టీచరు పాఠం చూస్తారు. పొద్దటి పూట మాత్రమే, మధ్యాహ్నం భోజనానికి ఎవరి బడికి వాళ్లు. ముందురోజే ఎంఈఓకు రాతపూర్వకంగా చెప్పి, రెండు బడుల్లోనూ మూవ్‌మెంట్ రిజిస్టరులో రాయించండి. చూడబోయేది ఏ పీరియడో, అందులో దేన్ని గమనించాలో ముందే మాట్లాడుకుని వెళ్లమనండి. మీ ఏకోపాధ్యాయ మేడంకైతే, రెండో గుంపు రాత పని ఎట్లా నడుస్తుందో చూసి రమ్మంటే మొదటిసారికి సరిపోతుంది.