గామా విస్ఫోటనం ఆఫ్టర్‌గ్లో: చిత్రాల తీసివేతలో మిగిలిపోతున్న వలయం

స్విఫ్ట్ ఉపగ్రహం నుంచి గామా కిరణ విస్ఫోటనం హెచ్చరిక వెలువడిన 40 నిమిషాలకు నా 8 అంగుళాల టెలిస్కోపును అటు తిప్పగలిగాను. ఉపగ్రహంలోని ఎక్స్‌రే టెలిస్కోపు స్థానాన్ని కొన్ని ఆర్క్ సెకన్ల (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) కచ్చితత్వంతో ఇచ్చింది కాబట్టి ఎక్కడ వెతకాలన్న సందేహం లేదు. ఫిల్టర్ లేకుండా 60 సెకన్ల ఎక్స్‌పోజర్లు తీసి, కెమెరా లోపాలను తొలగించే డార్క్, ఫ్లాట్ సవరణలు చేసి, అన్నిటినీ కలిపాను. 18వ ప్రకాశ పరిమాణం (సంఖ్య పెరిగేకొద్దీ మసక) దాకా నక్షత్రాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

చిక్కంతా ఆ తర్వాతే. ఆ స్థానానికి 6 ఆర్క్ సెకన్ల దూరంలో 15వ పరిమాణపు నక్షత్రం ఒకటి ఉంది. ఆఫ్టర్‌గ్లో, అంటే విస్ఫోటనం తర్వాత మిగిలి క్రమంగా మసకబారే వెలుగు, దాని వెలుగులో కలిసిపోయి ఉండవచ్చని, పాన్-స్టార్స్ ఆకాశ సర్వే వారి పాత ఆర్ బ్యాండ్ (ఎరుపు ఫిల్టర్) చిత్రాన్ని నా చిత్రం నుంచి హాట్‌ప్యాంట్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో తీసివేశాను. నక్షత్రం పూర్తిగా పోలేదు. నడుమ నల్లటి చుక్క, చుట్టూ తెల్లటి వలయం మిగిలాయి. నాకు కావలసిన చోటు సరిగ్గా ఆ వలయం మీదే పడుతోంది!

కెర్నల్ (ఒక చిత్రంలోని నక్షత్రాలను రెండోదాని వెడల్పుకు సరిపోయేలా మసకబరిచే గణిత అచ్చు) వెడల్పు పెంచాను. గయా ఉపగ్రహం కొలిచిన నక్షత్ర స్థానాలతో రెండు చిత్రాలనూ మళ్లీ సరిపెట్టాను, తేడా 0.3 ఆర్క్ సెకన్ల లోపే. వెలుగుతో నిండిపోయిన పిక్సెళ్లను మాస్క్ చేశాను (లెక్కలోంచి తప్పించాను). వలయం సన్నబడింది కానీ పోలేదు. నా చిత్రంలో నక్షత్రాల వెడల్పు 4 ఆర్క్ సెకన్లు, పాన్-స్టార్స్‌లో సుమారు 1.2. ఎర్రటి నక్షత్రాల దగ్గర మిగులు మరీ ఎక్కువగా ఉంది, అందుకే ఫిల్టర్ లేకపోవడం మీద కూడా నాకు అనుమానం. ఆ వెలుగు నిజంగా నా చిత్రంలో ఉంటే దాన్ని వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

ఆఫ్టర్‌గ్లో సాధారణంగా పది రెట్ల సమయం గడిచేసరికి దాదాపు పదో వంతుకు తగ్గుతుంది. అందువల్ల కొన్ని రోజులు ఆగి, ఇదే టెలిస్కోపుతో తీసిన చిత్రాన్నే ఆధారంగా వాడాలా, లేక పాన్-స్టార్స్ చిత్రంతోనే ఈ వలయాన్ని పోగొట్టే అమరిక ఏదైనా ఉందా?