గిర్ అడవిల పశువులు కాసే మాల్ధారీలను దగ్గర నుంచి చూసినవాళ్లు ఎవరన్నా ఉన్నరా?

అందరికీ నమస్తే. మాది ములుగు దగ్గర పల్లె, ఇప్పుడు హన్మకొండల ఉంటున్నం. మా బాపు ముప్పై ఏండ్లు గొర్లు కాసిండు. మందల తోడేలు పడ్డదంటే ఊరంతా కట్టెలు పట్టుకొని ఉరికేది. అందుకే గుజరాత్‌లోని గిర్ సింహాల గురించి చదివినప్పుడల్లా నా ధ్యాస అక్కడి మాల్ధారీల మీదికే పోతది. నెస్ అనే చిన్న గూడేల చుట్టూ ముళ్లకంప కట్టుకొని, బర్రెలు మేపుకుంటూ, సింహాల నడుమ తరతరాలుగా ఎట్ల బతుకుతున్నరు?

2020లో 674 ఉన్న సింహాలు 2025 లెక్కల 891 అయినయి. సంతోషమే. కానీ అడవి చాలక అమ్రేలి, భావనగర్ జిల్లాల పొలాలల్ల, సముద్రం ఒడ్డున కూడా తిరుగుతున్నయి. 2018లో కుక్కల నుంచి వచ్చే డిస్టెంపర్ వైరస్ సోకి కొన్ని చనిపోయినయి. అన్నీ ఒక్క సౌరాష్ట్రలనే ఉండుడు నాకైతే భయమే. కొన్నింటిని మధ్యప్రదేశ్‌లోని కూనో అడవికి పంపాలని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది, అక్కడికి చీతాలు వచ్చినయి గాని సింహాలు పోలేదు.

డిసెంబర్‌ల బాపును తీసుకొని వరంగల్‌ల నవజీవన్ ఎక్కి అహ్మదాబాద్ దాకా పోదామనుకుంటున్న. సఫారీ ఒక్కటే కాదు, ఒక్క మాల్ధారీ కాపరితోనన్న బాపు కూసొని మాట్లాడాలని నా కోరిక. నెస్‌లకు బయటివాళ్లను పోనిస్తరా? అనుమతి ఎవరిని అడగాలె? సింహం బర్రెను చంపితే పరిహారం ఎన్ని రోజులకు చేతికొస్తది? బాపుకు తెలుగు తప్ప ఇంకో భాష రాదు, గిర్ సఫారీ మొదలయ్యే సాసన్ ఊరు దిక్కు తెలుగు, గుజరాతీ రెండూ వచ్చినవాళ్లు ఎవరన్నా దొరుకుతరా?